ఇర్వింగ్ థాల్‌బర్గ్ 37 ఏళ్ళకే ఎలా పోయాడు? తెర మీద పేరే వేసుకోనివాడి పేరిట అవార్డు ఎందుకు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ‘మాంక్’ సినిమా చూశారు. అందులో ఎంజీఎం స్టూడియోని నడిపే ఆ సన్నటి యువకుడు, ఇర్వింగ్ థాల్‌బర్గ్, నిజంగానే అంత పెద్దవాడా? పని ఒత్తిడి వల్లే 37 ఏళ్ళకి పోయాడా? ఏ సినిమాలోనూ పేరు కనిపించనివాడి పేరిట ఆస్కార్ అకాడమీ అవార్డు ఎందుకిస్తోంది?

ముందు సూటిగా జవాబు. చంపింది న్యుమోనియా. 1936 సెప్టెంబర్ 14న, శాంటా మోనికాలోని సొంత ఇంట్లో. కానీ అది పట్టుకున్నది మామూలు ఒంటిని కాదు. పుట్టుకతోనే గుండెలో లోపం, 17 ఏళ్ళప్పుడు రుమాటిక్ జ్వరం, ఆ తర్వాత రెండుసార్లు గుండెపోటు. పని ఒత్తిడి ఒంట్లో మిగిలిన కాస్త సత్తువనీ తినేసి ఉండొచ్చు గానీ, ‘పని చంపింది’ అనడం సినిమావాళ్ళు ఇష్టపడి చెప్పుకునే మాట. ఇక పెద్దవాడా అంటే, అవును. సినిమా తీసి జనానికి చూపించి, వాళ్ళు ఎక్కడ కదిలారో చూసి, మళ్ళీ తీసి విడుదల చెయ్యడాన్ని ఒక స్టూడియో మొత్తానికి నియమంగా మార్చినవాడు అతనే.

ఇక్కడ ‘ప్రొడ్యూసర్’ అన్న మాట మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. మన దగ్గర నిర్మాత అంటే డబ్బు పెట్టేవాడు. ఫైనాన్షియర్ దగ్గర వడ్డీకి తెస్తాడో, పొలం అమ్ముతాడో, నష్టం వస్తే మునిగేది అతనే. థాల్‌బర్గ్ ఒక్క డాలరూ పెట్టలేదు. అతను జీతగాడు. డబ్బు న్యూయార్క్‌లో థియేటర్లు నడిపే లోయస్ కంపెనీది. 1924 ఏప్రిల్ 17న మెట్రో, గోల్డ్‌విన్, లూయీ బి. మేయర్ కంపెనీలను కలిపి ఎంజీఎం చేసింది వాళ్ళే. స్టూడియోకి పెద్ద మేయర్, సినిమాల తయారీకి పెద్ద థాల్‌బర్గ్. అప్పటికి అతనికి పాతికేళ్ళు కూడా నిండలేదు. ఒప్పందం ప్రకారం లాభాల్లో 20 శాతం మేయర్ బృందానికి. ఆ 20ని మళ్ళీ పంచుకోవడం ఇలా: మేయర్‌కి 53 వంతులు, లాయర్ రాబర్ట్ రూబిన్‌కి 27, థాల్‌బర్గ్‌కి 20. అంటే మొత్తం లాభంలో నూటికి నాలుగు అతనివి, పదికి పైన మేయర్‌వి. ఈ లెక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

పుట్టింది బ్రూక్లిన్‌లో, 1899 మే 30న. తల్లిదండ్రులు జర్మనీ నుంచి వచ్చిన యూదులు. పుట్టగానే ‘బ్లూ బేబీ’ అన్నారు. అంటే గుండె నిర్మాణంలో తేడా వల్ల ఆక్సిజన్ తక్కువున్న రక్తం కొంత ఊపిరితిత్తులకి పోకుండానే ఒంట్లోకి వెళ్ళిపోతుంది, పెదాలు, గోళ్ళు నీలంగా కనిపిస్తాయి. మహా అయితే ముప్ఫై ఏళ్ళు బతుకుతాడని డాక్టర్లు ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పేశారు. హైస్కూల్లో ఉండగా రుమాటిక్ జ్వరం వచ్చి ఏడాదిపాటు మంచానికే పరిమితమయ్యాడు. ఈ జబ్బు గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత వస్తుంది. ఒంటి రక్షణ వ్యవస్థ పొరపాటున తన గుండె కవాటాలనే దెబ్బతీస్తుంది. మంచం మీద ఆ ఏడాదంతా తల్లి హెన్రియెట్టా పుస్తకాలు తెచ్చిస్తూ ఉంటే నవలలు, నాటకాలు, జీవితచరిత్రలు చదివాడు. తర్వాత స్టూడియోలో రచయితలతో కూర్చున్నప్పుడు పెట్టుబడి ఆ చదువే.

కాలేజీకి వెళ్ళలేదు. రాత్రి క్లాసుల్లో టైపు, షార్ట్‌హ్యాండ్, స్పానిష్ నేర్చుకుని, వారానికి 15 డాలర్లు చాలు, అనుభవం లేదు అని పేపర్లో ప్రకటన వేసుకున్నాడు. అలా ఒక ఎగుమతుల ఆఫీసు, అక్కణ్ణుంచి యూనివర్సల్ సినిమా కంపెనీ న్యూయార్క్ ఆఫీసు. అక్కడ యజమాని కార్ల్ లామ్లీకి సెక్రటరీ, వారానికి 25 డాలర్లు. లామ్లీ అతన్ని కాలిఫోర్నియా స్టూడియోకి తీసుకెళ్ళి, 20 ఏళ్ళకే దాని బాధ్యత అప్పగించి వచ్చాడు. చెక్కు మీద సంతకం చెయ్యడానికి చట్టప్రకారం వయసు చాలని కుర్రాడు స్టూడియో నడిపాడన్న మాట ఈ రోజులదే.

స్ట్రోహైమ్‌తో తగువు అర్థమైతే థాల్‌బర్గ్ అర్థమైనట్టే. ఎరిక్ ఫాన్ స్ట్రోహైమ్ అప్పట్లో యూనివర్సల్‌లో పెద్ద డైరెక్టరు. ‘ఫూలిష్ వైవ్స్’ బడ్జెట్ పది లక్షల డాలర్లు దాటించేశాడు. థాల్‌బర్గ్ ఆపుదామంటే కుదరలేదు, ఎందుకంటే స్ట్రోహైమే అందులో హీరో. డైరెక్టర్ని తీసేస్తే సినిమాయే పోతుంది. చివరికి కెమెరాలు వెనక్కి తెప్పించి షూటింగ్ ముగించాల్సి వచ్చింది. తర్వాతి సినిమా ‘మెర్రీ గో రౌండ్’లో కుర్రవాడు ఒకే ఒక్క జాగ్రత్త తీసుకున్నాడు: స్ట్రోహైమ్ డైరెక్ట్ చెయ్యొచ్చు, నటించకూడదు. కొన్ని వారాల షూటింగ్ అయ్యాక, 1922 అక్టోబర్‌లో, ఖర్చు మళ్ళీ చెయ్యిదాటుతుంటే తీసేసి ఇంకో డైరెక్టర్ని పెట్టాడు. అంత పేరున్న డైరెక్టర్ని షూటింగ్ మధ్యలో స్టూడియో తీసెయ్యడం హాలీవుడ్‌లో అందరినీ ఉలిక్కిపడేలా చేసింది. సినిమా ఎవరిది అన్న ప్రశ్నకి ‘స్టూడియోది’ అన్న జవాబు ఆ రోజు ఖాయమైందని నా అభిప్రాయం. ఇది మంచికా చెడుకా అన్నది వేరే గొడవ. ఎందుకంటే అదే స్ట్రోహైమ్ ఎంజీఎంలో ‘గ్రీడ్’ తీసినప్పుడు, 42 రీళ్ళ మొదటి కూర్పుని కోసి కోసి చివరికి దాదాపు 10 రీళ్ళకి దించి 1924 డిసెంబర్‌లో విడుదల చేశారు. కోసేసిన భాగం మళ్ళీ దొరకలేదు. ఎడిటింగ్ తెలిసినవాళ్ళెవరికైనా ఆ మాట వింటే కడుపులో దేవేస్తుంది.

ఇప్పుడు అసలు పద్ధతి. ఎంజీఎం ఏడాదికి దాదాపు 50 సినిమాలు తీసేది. అంటే వారానికి ఒకటి. ఒక్క మనిషి అన్నీ చూడలేడు. అందుకని హంట్ స్ట్రాంబర్గ్, హ్యారీ రాఫ్, బెర్నార్డ్ హైమన్, ఆల్బర్ట్ లెవిన్, పాల్ బెర్న్ లాంటి సూపర్‌వైజర్లకి తలో కొన్ని సినిమాలు పంచాడు. సెట్టు మీద రోజువారీ తలనొప్పి వాళ్ళది. థాల్‌బర్గ్ చెయ్యి వేసేది రెండు చోట్ల: సినిమా మొదలవక ముందు కథ దగ్గర, పూర్తయ్యాక ఎడిటింగ్ దగ్గర. మధ్యలో సెట్టుకి వెళ్ళడం తక్కువ.

కథా చర్చల్లో అలవాటు ఒకటుంది. మాట్లాడుతున్నంతసేపూ నాణెం పైకి ఎగరేస్తూ పట్టుకుంటూ ఉండేవాడు. అవతల కూర్చున్న రచయితకి ఆ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు! గది బయట బెంచీ మీద పేరున్న రచయితలు, డైరెక్టర్లు గంటల తరబడి పడిగాపులు పడేవాళ్ళు. వాళ్ళ జీతాలన్నీ కలిపి లెక్కేసి దానికి ‘మిలియన్ డాలర్ల బెంచీ’ అని పేరు పెట్టారు. హాస్యనటులు మార్క్స్ సోదరులు ఒకసారి విసుగెత్తి, అతను లేని సమయంలో గదిలోకి దూరి, ఫైర్‌ప్లేస్‌లో బంగాళాదుంపలు కాల్చుకుంటూ బట్టల్లేకుండా కూర్చున్నారని వాళ్ళే తర్వాత చెప్పుకున్నారు. అప్పట్నుంచి వాళ్ళని బయట కూర్చోబెట్టలేదట.

ప్రివ్యూ, రీషూట్. సినిమా కూర్పు అవ్వగానే లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల ఊళ్ళలో ఏదో ఒక థియేటర్లో, ముందు చెప్పకుండా వేసేవాళ్ళు. థాల్‌బర్గ్, సూపర్‌వైజరు, ఎడిటరు ట్రాలీ కారులో వెళ్ళి జనం మధ్య కూర్చునేవాళ్ళు. చూసేది తెరని కాదు, జనాన్ని. ఎక్కడ నవ్వారు, నవ్వాల్సిన చోట ఎందుకు నవ్వలేదు, ఎక్కడ దగ్గులు మొదలయ్యాయి, ఎవరు లేచి వెళ్ళారు. అయిపోయాక కార్డులు రాయించుకునేవాళ్ళు. తిరుగు దారిలోనే ఏ సీను మళ్ళీ రాయాలో, ఏది తీసెయ్యాలో తేల్చేసేవాళ్ళు. ఎంజీఎంని మిగతా స్టూడియోలవాళ్ళు ‘రీటేక్ లోయ’ అని వెక్కిరించడానికి కారణం ఇదే.

ఇది అప్పుడు ఎలా సాధ్యమైంది అన్నది ముఖ్యం. నటులు, రచయితలు, డైరెక్టర్లు, కెమెరామెన్ అందరూ ఏళ్ళ ఒప్పందం మీద వారం జీతానికి ఉన్నారు. షూటింగ్ ఉన్నా లేకపోయినా జీతం నడుస్తుంది. స్టేజీలు సొంతం, కాస్ట్యూములు గోడౌన్లో, ల్యాబు అక్కడే. కాబట్టి వారం రోజుల రీషూట్‌కి అదనంగా అయ్యేది ఫిల్మూ, కరెంటూ, సెట్టు పనీ. ఇవాళ మన దగ్గర సినిమా అయ్యాక హీరోని రెండు రోజులు వెనక్కి పిలవాలంటే కాల్షీట్లు దొరకవు, ఈలోపు గడ్డం మారిపోతుంది, ఒప్పుకున్న ఇంకో సినిమా గెటప్ అడ్డొస్తుంది. థాల్‌బర్గ్ పద్ధతిని మెచ్చుకునేవాళ్ళు ఈ ఆర్థిక లెక్కని వదిలేసి మేధస్సు గురించే మాట్లాడతారు. మేధస్సు సరే, కింద ఆ కర్మాగారం లేకపోతే అది పనిచేసేది కాదు.

ఫలితానికి రెండు ఉదాహరణలు. కింగ్ విడార్ తీసిన ‘ది బిగ్ పరేడ్’ (1925) ఒక మోస్తరు యుద్ధకాలపు కథగా మొదలైంది. ప్రివ్యూలో జనం కదిలిపోవడం చూసి, యుద్ధమే చాలినంత లేదని గ్రహించి, అప్పటికి విడార్ ఇంకో సినిమాలో ఉంటే జార్జ్ హిల్ అనే డైరెక్టర్ చేత రాత్రి పోరాటాలు తీయించి కలిపాడు. న్యూయార్క్ ఆస్టర్ థియేటర్లో అది 96 వారాలు ఆడింది. రెండోది ‘ది సిన్ ఆఫ్ మాడెలాన్ క్లోడెట్’ (1931). పక్కన పడేయాల్సిన సినిమా అనుకున్నారు. కొత్త సీన్లు రాయించి మళ్ళీ తీయించాడు. హెలెన్ హేస్‌కి ఉత్తమ నటి ఆస్కార్ వచ్చింది.

మార్క్స్ సోదరుల దగ్గరికొచ్చేసరికి పద్ధతిని తిరగేశాడు. షూటింగ్ తర్వాత కాదు, ముందే ప్రివ్యూ. ‘ఎ నైట్ ఎట్ ది ఆపెరా’ (1935) హాస్య సన్నివేశాలను స్టేజీ నాటకంగా మార్చి సాల్ట్ లేక్ సిటీ, సియాటిల్, పోర్ట్‌లాండ్, శాన్ ఫ్రాన్సిస్కోల్లో ఆడించాడు. రచయితలు హాల్లో కూర్చుని ప్రతి నవ్వు ఎన్ని సెకన్లుందో కొలిచారు. ఎందుకంటే సినిమాలో నటుడు నవ్వు ఆగేదాకా ఆగలేడు, తర్వాతి డైలాగు ఆ నవ్వులో కొట్టుకుపోతుంది. ఎంతసేపు ఖాళీ వదలాలో ముందే తెలిస్తే ఆ గొడవ ఉండదు.

ఇక ఆరోగ్యం. ‘బెన్ హర్’ ఇటలీలో మొదలై అక్కడ డబ్బు నీళ్ళలా పోతుంటే, మొత్తం యూనిట్‌ని కాలిఫోర్నియాకి తిప్పించి, రథాల పందెం కోసం పెద్ద గోదా కట్టించి 42 కెమెరాలు పెట్టించారు. ఖర్చు దాదాపు 39 లక్షల డాలర్లు. పైగా హక్కుల ఒప్పందం వల్ల వచ్చినదాంట్లో సగం బయటికి పోయేది. మొదటి గుండెపోటు ఆ ఏడాదే, 1925లో. వయసు 26. కోలుకుని మళ్ళీ రోజుకి 12-15 గంటల పనిలో పడ్డాడు. 1927 సెప్టెంబర్‌లో నటి నార్మా షియరర్‌ని పెళ్ళి చేసుకున్నాడు. కొత్త పెళ్ళికూతురు వచ్చి చేరింది అత్తగారింటికే. కొడుకు గుండెకి కాపలా హెన్రియెట్టా ఇంకా వదల్లేదు మరి.

అతను రెండుసార్లు పోయాడనాలి: ఒకసారి ఆఫీసులో పదవి పోయింది, ఇంకోసారి ఇంట్లో ప్రాణం. మొదటిది 1933లో. అంతకుముందు ఏడాది సెప్టెంబర్‌లో దగ్గరి సహచరుడు పాల్ బెర్న్ తుపాకీ గుండుతో చనిపోయాడు. థాల్‌బర్గ్ కుంగిపోయి సెలవు అడిగాడు. పైన చెప్పిన నాలుగు శాతం లెక్క మీద అసంతృప్తి అప్పటికే ముదిరింది. లోయస్ అధిపతి నికొలస్ షెంక్ సెలవు కాకుండా కంపెనీ షేర్లు చూపించి నిలబెట్టాడు. మేయర్‌కి అది నచ్చలేదు. 1932 క్రిస్మస్ వేళ రెండో గుండెపోటు. 1933 మొదట్లో భార్యతో కలిసి యూరప్ వెళ్ళి, గుండె రోగులకి పేరున్న జర్మనీ ఆరోగ్య కేంద్రం బాద్ నౌహైమ్‌లో చికిత్స తీసుకున్నాడు. ఈలోపు మేయర్ తన అల్లుడు డేవిడ్ సెల్జ్నిక్‌ని, వాల్టర్ వాంగర్‌ని తెచ్చి, నిర్మాణ విభాగం అధిపతి అన్న పదవినే ఎత్తేశాడు. ఎవరి యూనిట్ వాళ్ళది, అందరూ మేయర్ కింద. ఆగస్టులో థాల్‌బర్గ్ తిరిగొచ్చేసరికి అనేకమంది నిర్మాతల్లో తనూ ఒకడు.

చిత్రం ఏమిటంటే, పేరు నిలబెట్టిన సినిమాలు చాలావరకు ఆ తర్వాతి మూడేళ్ళవే. 50 బదులు ఏడాదికి నాలుగైదు చూసుకునే తీరిక దొరికింది. ‘మ్యూటినీ ఆన్ ది బౌంటీ’ (1935) ఉత్తమ చిత్రం. అన్నీ గెలుపులు కావు. 1936 ఆగస్టులో వచ్చిన ‘రోమియో అండ్ జూలియట్’కి దాదాపు 20 లక్షల డాలర్లు పెట్టి నష్టపోయారు. టీనేజీ ప్రేమికులుగా ముప్ఫై దాటిన భార్య నార్మా, నలభై దాటిన లెస్లీ హోవర్డ్. ఇన్ని ప్రివ్యూలు చేసినవాడికి అది కనిపించలేదంటే భార్య విషయంలో కళ్ళు మూసుకున్నాడనే అనుకోవాలి.

అది వచ్చిన కొద్ది వారాలకే చివరి వారం. సెప్టెంబర్ 7 సోమవారం లేబర్ డే. ఆ సెలవులకి మాంటెరే వెళ్ళినప్పుడు చల్లగాలికి జలుబు పట్టింది. లాస్ ఏంజెలెస్ వచ్చాక కూడా పూర్తిగా పడుకోలేదు. రాత్రిపూట ఆరుబయట హాలీవుడ్ బౌల్‌లో ప్రదర్శనకి వెళ్ళాడు. జలుబు న్యుమోనియాకి తిరిగింది. తర్వాతి సోమవారం ఉదయం పోయాడు. వయసు 37 ఏళ్ళు 3 నెలల 15 రోజులు.

ఇప్పటి పాఠకుడికి న్యుమోనియాతో 37 ఏళ్ళకి పోవడం వింతగా ఉంటుంది. అప్పట్లో ఊపిరితిత్తిలో ఒక భాగం ఇన్ఫెక్షన్‌తో గట్టిపడిపోతే సూక్ష్మజీవిని చంపే మందు లేదు. ఆక్సిజన్ టెంటు, సీరం, నర్సులు, ఎదురుచూపు. ఆరోగ్యవంతుడైతే వారం తొమ్మిది రోజుల్లో జ్వరం ఒక్కసారిగా దిగి బయటపడేవాడు. ఆ వారం గుండె రెట్టింపు పని చెయ్యాలి. థాల్‌బర్గ్ గుండెకి ఆ శక్తి లేదు. సూక్ష్మజీవుల మీద పనిచేసే సల్ఫా రకం మందు ప్రోంటోసిల్ 1935లోనే జర్మనీలో వచ్చింది. అమెరికాలో దాని పేరు మోగింది 1936 డిసెంబర్‌లో, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కొడుకు దాంతో కోలుకున్నప్పుడు. అంటే థాల్‌బర్గ్ పోయిన మూడు నెలలకి. న్యుమోనియాకి పనికొచ్చే సల్ఫాపిరిడిన్ 1938లో, మామూలు జనానికి పెన్సిలిన్ యుద్ధం చివర్లో. నీలి బిడ్డలకి (బ్లూ బేబీలకి) మొదటి ఆపరేషన్ అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో 1944 నవంబర్ 29న. ఏది చూసినా అతనికి ఆలస్యమే.

అంత్యక్రియల రోజు ఎంజీఎం మూసేశారు, మిగతా స్టూడియోలు ఐదు నిమిషాలు పని ఆపాయి. అకాడమీ స్థాపక సభ్యులు 36 మందిలో అతనొకడు. అందుకే 1937 సంవత్సరం సినిమాల వేడుక నుంచి అతని పేరిట అవార్డు పెట్టారు. మొదటిది నిర్మాత డారిల్ జానక్‌కి. ఏటా ఇవ్వరు. ఇచ్చేది ఆస్కార్ బొమ్మ కాదు, థాల్‌బర్గ్ తల ప్రతిమ. ఒక సినిమాకి కాదు, ఏళ్ళ తరబడి మంచి సినిమాలు తీయించినవాళ్ళకి. పేరు వేసుకోకపోవడానికి కారణం మాత్రం సిద్ధాంతమే. మన చేతిలో ఉన్న క్రెడిట్ మనకి మనమే ఇచ్చుకుంటే దానికి విలువ లేదనేవాడు.

దేవుణ్ణి చెయ్యకండి, తప్పులున్నాయి. మాటల సినిమా నిలవదని తేలిగ్గా తీసుకుని ఎంజీఎంని వెనకబడేలా చేశాడు. రచయితల సంఘాన్ని 1936లో గట్టిగా ఎదిరించాడు. 1934లో కాలిఫోర్నియా గవర్నర్ ఎన్నికల్లో పోటీ చేసిన రచయిత అప్టన్ సింక్లెయిర్‌కి వ్యతిరేకంగా వార్తా చిత్రాల్లా కనిపించే ప్రచారం తయారైంది అతని చేతి కిందే. మీరు ‘మాంక్’లో చూసిన ఆ భాగానికి మూలం నిజం. కానీ అపరాధ భావంతో ఆత్మహత్య చేసుకునే దర్శకుడి పాత్ర కల్పితం. అలాగే అమెరికన్ నవలాకారుడు స్కాట్ ఫిట్జెరాల్డ్ చివరి నవల హీరోకి థాల్‌బర్గ్ నమూనా అయినంత మాత్రాన ఆ జీవితం ఇతనిది కాదు. నవలలోంచి సంగతులు తెచ్చి ఇతని ఖాతాలో వేసే వ్యాసాలు చాలా తిరుగుతున్నాయి, జాగ్రత్త.

చూడాలంటే ‘గ్రాండ్ హోటల్’ (1932)తో మొదలుపెట్టండి. ఒక స్టార్‌కి ఒక సినిమా అన్న లెక్క నడుస్తున్న రోజుల్లో ఐదారుగురిని ఒక్క కప్పు కింద పెట్టిన ధైర్యం అది. తర్వాత ‘ఎ నైట్ ఎట్ ది ఆపెరా’, నవ్వుల మధ్య వదిలిన ఖాళీలు గమనిస్తూ. ఆఖర్న ‘ది గుడ్ ఎర్త్’. అతను పోయాక 1937 జనవరిలో వచ్చింది. సినిమా మొదట్లో ఒక అంకితం కార్డు పడుతుంది, దాని మీద అతని పూర్తి పేరు ఉంటుంది: ఇర్వింగ్ గ్రాంట్ థాల్‌బర్గ్. అతను బతికుంటే ఆ కార్డు కత్తెరకి పోయేది.